పర్యావరణ సంస్థ లోగోకి రంగులు ఎంచుకోవడం: నల్ల గీత నుంచి గోడ మీద పెయింటు దాకా

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల చిన్న సంస్థలకి లోగోలు, బ్యానర్లు చేసిపెట్టడం నా పని. తాబేళ్ల గుడ్లు కాపాడేవాళ్లు, చెరువులు బాగుచేయించేవాళ్లు, మొక్కలు నాటేవాళ్లు, బడి పిల్లలకి పక్షుల్ని చూపించేవాళ్లు వస్తుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ పచ్చ పెట్టమంటావు?" ఒక్కొక్కరికీ ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి వరసగా రాస్తున్నాను.

ఎక్కువమంది తప్పు చేసేది రంగులో కాదు, వరసలో. కంప్యూటర్ తెరిచి, తెర మీద బాగున్న రంగు ఎంచుకుని, ముద్రించి, ఎండలో కట్టి, అప్పుడు "ఇదేంటి ఇలా అయింది" అంటారు. లోగో ఎక్కడెక్కడ కనపడాలో ముందు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి రావాలి. మొత్తానికి నెలన్నర పడుతుంది. మీరు కూర్చుని చేసే పని మాత్రం నాలుగైదు రోజులే. మిగతా పరీక్ష ఎండ చేస్తుంది.

1. రంగు జోలికి వెళ్లేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ముగ్గురు కూర్చోండి. ముగ్గురే. పదిమందిని కూర్చోబెడితే పది రంగులు వస్తాయి. ఒకరు పని నడిపించేవాళ్లు, ఒకరు ఊళ్లో తిరిగేవాళ్లు, ఒకరు ఖర్చు చూసేవాళ్లు అయితే చాలు.

ఒక కాగితం మీద ఈ ఏడాది మీ లోగో ఎక్కడెక్కడ కనపడబోతోందో రాయండి. ఊహించి కాదు, ఖాయంగా చేయబోయేవే రాయాలి. ఎక్కువ సంస్థలకి జాబితా ఇలా ఉంటుంది:

☐ సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ మీద లెటర్‌హెడ్ (దాని జిరాక్స్ కాపీలు కూడా)
☐ రబ్బరు స్టాంపు
☐ వాట్సాప్ గ్రూపు డీపీ
☐ గుడ్డ బ్యానర్, లేదా ఫ్లెక్సీ
☐ ఊరి గోడ మీద పెయింటు రాత
☐ టీషర్టు, టోపీ, గుడ్డ సంచి
☐ మొక్కల కంచెకి తగిలించే రేకు పలక

ఇందులో మొదటి మూడు ఏవో గుర్తు పెట్టుకోండి. మీ రంగు ఆ మూడింటి మీద నిలబడాలి. మిగతావి సర్దుకోవచ్చు.

తర్వాత సంస్థ పనిని ఒక్క వాక్యంలో రాయండి. "పర్యావరణ పరిరక్షణ" అని రాస్తే లాభం లేదు, దాంట్లోంచి రంగు రాదు. "కావలి తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకని కాపాడతాం" అని రాస్తే అందులో ఇసుక ఉంది, రాత్రి ఉంది, తాబేలు డొప్ప ఉంది. "కనిగిరి వైపు చెరువుల్లో నీళ్లు నిలబడేలా చూస్తాం" అంటే ఎర్రమన్ను, కట్ట మీద తాటిచెట్లు కనపడతాయి.

2. ముందు నలుపులో నిలబెట్టండి

బొమ్మ పూర్తిగా నలుపు తెలుపుల్లో ఖాయం అయ్యేదాకా రంగు ముట్టుకోవద్దు. బొమ్మలో లోపాన్ని రంగు కప్పేస్తుంది. నలుపులో ఆకు ఆకులా, కొంగ కొంగలా కనపడకపోతే, పచ్చ పూసినా నాలుగు రోజులే బాగుంటుంది.

పర్యావరణం అంటే పచ్చ ఉండి తీరాలనే భయం ఉంటే వన్యప్రాణుల్ని కాపాడే ప్రపంచ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పాండాని గుర్తు తెచ్చుకోండి. 1961లో మొదలైన ఆ సంస్థ గుర్తు నలుపు తెలుపే. ముద్రణ ఖర్చు తగ్గుతుందనేది కూడా ఆ జంతువుని ఎంచుకోవడానికి ఒక కారణం. ప్రపంచమంతా దాన్ని గుర్తుపడుతుంది, అందులో పచ్చ చుక్క కూడా లేదు.

పరీక్ష సులువు. లోగోని ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పులో ముద్రించండి. దాన్ని జిరాక్స్ తీయించండి, ఆ జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్ తీయించండి. మన అర్జీలు ఆఫీసుల్లో తిరిగే తీరు ఇదే. రెండో కాపీలో సంస్థ పేరు చదవగలిగితే పాస్.

తెలుగు పేరు ఉంటే ఒత్తుల దగ్గర ఎక్కువసేపు చూడండి. "రక్షణ"లో క్ష, "పక్షుల"లో క్షు లాంటి చోట్ల లోపలి సందులు పూడిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిన సైజు తెలుగుకి చాలదు. అక్షరం కొంచెం పెంచండి, లేదా ఇంకాస్త విడిగా ఉండే ఫాంటు పెట్టండి.

3. మీ పని జరిగే చోటికి వెళ్లి రంగులు ఏరుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. చాలామంది దాటేసేదీ ఇదే.

ఇంటర్నెట్‌లో "ప్రకృతి రంగులు" అని వెతికితే వచ్చేవి ఎక్కడివో పచ్చిక బయళ్ల పచ్చలు. మన జిల్లాల్లో ఏడాదిలో ఎన్ని నెలలు అలాంటి పచ్చ కనపడుతుంది? ఏప్రిల్లో ప్రకాశం మెట్ట ప్రాంతంలో బస్సు కిటికీలోంచి చూడండి. నిగనిగలాడే పచ్చ ఎక్కువగా సర్కారు తుమ్మది. చుట్టుపక్కల వేరే మొక్కల్ని బతకనివ్వని చెట్టు అది. ఆ పచ్చని తెచ్చి పర్యావరణ లోగోలో పెట్టడం నాకు నచ్చదు.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి:

☐ తెల్లటి దళసరి అట్టముక్క, మధ్యలో రూపాయి బిళ్ల కంటే చిన్న రంధ్రం
☐ ఒక తెల్ల కాగితం
☐ పెయింటు కొట్లో ఉచితంగా ఇచ్చే షేడ్ కార్డు
☐ పెన్సిల్

పొద్దున 9 లోపు, లేకపోతే సాయంత్రం 4 దాటాక వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఎండ అన్ని రంగుల్నీ తెల్లబరుస్తుంది. అట్టముక్కని కంటికి ఒక చాచిన చేయి దూరంలో పట్టుకుని, రంధ్రంలోంచి చూడండి. చుట్టూ తెలుపు ఉండటంతో మెదడు "చెట్టు అంటే పచ్చ" అని చెప్పడం మానేసి, ఉన్న రంగుని చూపిస్తుంది. కనపడిన రంగుకి దగ్గరగా షేడ్ కార్డులో ఉన్న నంబరు రాసుకోండి. ఫోటో మీద ఆధారపడొద్దు. ఫోన్ కెమెరా ఆకుల్ని, ఆకాశాన్ని తనకు తోచినట్టు ముదురు చేస్తుంది.

మైపాడు దగ్గర సరుగుడు తోటలో నేను ఇలాగే చూశాను. రోడ్డు మీద నుంచి ఆ తోట ముదురాకుపచ్చ గోడలా ఉంటుంది. రంధ్రంలోంచి చూస్తే పొగ కలిసిన బూడిద పచ్చ. ఒక రెమ్మ తుంచి తెల్ల కాగితం మీద పెడితే, గణుపు గణుపుకీ సన్నటి లేత గీతతో, మెంతికూర వాడినట్టు ఉంది. కింద ఇసుక మీద రాలిన ఆకు పొడి మిరపకాయ తొక్క రంగులోకి తిరిగి ఉంది. ఒక్క చెట్టు దగ్గర నాలుగు రంగులు. వాటిలో ఒక్కటి కూడా కంప్యూటర్ పెట్టెలో ఉండే పచ్చ కాదు.

మన దగ్గర ఏరుకోదగ్గవి కొన్ని చెబుతాను, మీవి మీరు వెతుక్కోండి:

తీరం వైపు అయితే తడి ఇసుక, పొడి ఇసుక రెండు వేరు రంగులు. పెద్ద ఆలివ్ రిడ్లే తాబేలు డొప్ప నాచు కలిసిన బూడిద పచ్చ, గుడ్డులోంచి వచ్చిన పిల్ల మాత్రం దాదాపు నలుపు. పులికాట్‌లో రాజహంస దూరం నుంచి తెల్లగా ఉంటుంది, రెక్క విప్పితే కనకాంబరం. నేలపట్టు గూడబాతు బూడిద రంగు. డెల్టాలో వరి నారుమడి రంగు వేరు, పొట్ట దశలో రంగు వేరు, కోతకొచ్చాక వేరు. మెట్టలో ఎర్రమన్ను, తాటాకు, చీమకుర్తి గ్రానైట్ నలుపులో బంగారు చుక్కలు.

తిరిగొచ్చాక రంగులకి పేర్లు పెట్టండి. "డార్క్ గ్రీన్" అంటే ముగ్గురి మనసుల్లో మూడు రంగులు. చీరల కొట్టు మాటలు వాడితే గొడవ ఉండదు. చిలకపచ్చ, మావిచిగురు, నెమలికంఠం, ఉల్లిపొర, కనకాంబరం, గంధం, ఇటుక, నేరేడు, గచ్చకాయ. ఈ మాటలు అందరికీ కంటిముందు మెదులుతాయి. ఒక సంస్థలో పెద్దావిడ "నెమలికంఠం కాదు బాబూ, దానికంటే కొంచెం మాసిన రంగు" అన్నారు. నేను గంటసేపు తెర మీద జరిపినా దొరకని రంగు ఆ మాటతో దొరికింది.

ఆరు రంగులు మిగిలేదాకా కొట్టేస్తూ పోండి. ఆరు చాలు.

4. వద్దనుకునేవి ముందే తీసేయండి

ఇక్కడ తొందరపడితే తర్వాత గోడ మీద గోడ చెరుపుకోవాల్సి వస్తుంది.

పార్టీ రంగులు. నీళ్లకి నీలం, చెట్లకి ఆకుపచ్చ, మధ్యలో తెలుపు అని ఎంతో సహజంగా తోస్తుంది. అది వైఎస్సార్‌సీపీ జెండా. సూర్యుడికి పసుపు అని ఎక్కువగా వాడితే తెలుగుదేశం. ఎరుపు తెలుపు జనసేన. కాషాయం, ఆకుపచ్చ కలిస్తే బీజేపీ. ఒక్క ఎరుపే అయితే కమ్యూనిస్టులు. 2020లో పంచాయతీ భవనాల రంగుల వ్యవహారం హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి రంగులు మార్చాల్సి వచ్చిన రాష్ట్రం మనది. ఊళ్లో మొక్కలు నాటడానికి వెళ్తే "మీరు ఏ పార్టీ వాళ్లు?" అని అడిగించుకోకూడదు. ఈ రంగులు అసలు వాడకూడదని కాదు. ఒక రంగు ఉంటే పర్వాలేదు, జోడీ కలవకూడదు, చారలుగా పక్కపక్కన ఉండకూడదు.

మూడు రంగుల జెండా. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరసలో, మధ్యలో చక్రం లాంటిది పెట్టొద్దు. జాతీయ జెండా, అశోక చక్రం లాంటి చిహ్నాల్ని ట్రేడ్‌మార్కుల్లో, వ్యాపారంలో అనుమతి లేకుండా వాడటాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నివారణ చట్టం నిషేధిస్తుంది.

మతం గుర్తులు. వంగిన ఆకు, పక్కనే ఒక చుక్క, వెనక పచ్చ అయితే దూరం నుంచి నెలవంకలా ఉంటుంది. కాషాయం మీద పైకి లేచిన మంట లాంటి ఆకు ఇంకో రకంగా అర్థమవుతుంది. మీ పని అన్ని ఊళ్లలో, అన్ని వీధుల్లో జరగాలి కాబట్టి ఎవరికీ వేరే అర్థం స్ఫురించకుండా చూసుకోండి. ఆకు తిప్పితే చాలు, చాలాసార్లు రంగు మార్చనక్కర్లేదు.

పక్క దుకాణాలు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఊళ్లో బస్టాండు నుంచి అర కిలోమీటరు నడిచి బోర్డులు చూడండి. పచ్చ ఆకు ఎవరి బోర్డు మీద ఉంది? పురుగుమందుల కొట్టు, విత్తనాల కొట్టు, ఆయుర్వేదం మందుల షాపు. నీలం చుక్క, పచ్చ ఆకు కలిస్తే మినరల్ వాటర్ ప్లాంటు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఇలాంటి బోర్డు వీధికొకటి ఉంటుంది. చెరువుల మీద పనిచేసే ఒక బృందానికి నేనే మొదట్లో నీలం చుక్క, చిలకపచ్చ ఆకు వేసిచ్చాను. బోర్డు చూసి జనం క్యాన్ ఎంత అని అడిగారు. మూడు నెలల తర్వాత మొత్తం మార్చాం, ఖర్చు నేను పెట్టుకున్నాను.

కొట్టేయడానికి చెక్‌లిస్టు:

☐ ఏ పార్టీ జెండా జోడీ కాదు
☐ త్రివర్ణాల వరస కాదు
☐ మతపరమైన గుర్తులా అర్థం కాదు
☐ మందుల కొట్టు, నీళ్ల ప్లాంటు బోర్డులా లేదు
☐ మీ జిల్లాలో ఇదే పనిచేసే ఇంకో సంస్థ రంగు కాదు

5. ఒక పెద్ద రంగు, ఒక తోడు రంగు

ఇప్పుడు మిగిలిన వాటిలోంచి రెండేసి రంగుల జతలు చేసుకోండి. ఒక్కో జతలో రెండే. మూడో రంగు కావాలనిపిస్తే అది తెలుపే కావాలి, అంటే కాగితం. టీషర్టు, గుడ్డ సంచి మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసేటప్పుడు ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కట్టాలి. రంగు పెరిగితే డబ్బు పెరుగుతుంది. చిన్న సంస్థకి ఇది చిన్న విషయం కాదు.

పెద్ద రంగు ముదురుగా ఉండాలి. సంస్థ పేరు, బొమ్మలో ఎక్కువ భాగం ఇందులోనే ఉంటాయి. తోడు రంగు ఒక్క చోట మాత్రం: పక్షి రెక్క, చెరువు గట్టు, గుడ్డు. బొమ్మ మొత్తం మీద అయిదో వంతు దాటనివ్వకండి.

ఈ రెండు రంగుల మధ్య ఉండాల్సింది ముదురు లేత తేడా. రంగు తేడా ఒక్కటే చాలదు. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా కనపడనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది, ఆసియాలో కొంత తక్కువ, ఆడవాళ్లలో అన్ని చోట్లా చాలా అరుదు. వాళ్ల కంటికైనా, జిరాక్స్ మిషన్‌కైనా ముదురు ఎరుపు, ముదురు పచ్చ దాదాపు ఒకటే.

మూడు ఉదాహరణలు ఇస్తున్నాను. నంబర్లు ఆర్‌జీబీలో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో. ఇవే వాడమని కాదు, ఎలా ఆలోచించాలో చూడటానికి.

తీరంలో తాబేళ్ల సంస్థ: పెద్ద రంగు మబ్బు పట్టిన సముద్రం 15, 76, 92. తోడు రంగు పొడి ఇసుక 226, 196, 143. ఇసుక రంగు తెల్ల కాగితం మీద ఆనదు. కాబట్టి సముద్రం రంగు నిండిన చోట లోపలే ఇసుక రావాలి.

పక్షుల సంస్థ: పెద్ద రంగు వాన మబ్బు 47, 62, 70. తోడు రంగు రాజహంస రెక్క 236, 122, 112. పచ్చ లేదు. అయినా పులికాట్ చూసినవాళ్లకి ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

మెట్ట ప్రాంతం చెట్లు, చెరువుల సంస్థ: పెద్ద రంగు ముదురాకుపచ్చ 27, 94, 32. తోడుగా మొదట ఎర్రమన్ను 178, 74, 42 అనుకున్నాం. తెర మీద ఎంతో అందంగా ఉంది. జిరాక్స్ తీస్తే చెట్టు, గట్టు కలిసి ఒకే నల్ల ముద్ద. రెండూ ముదురు కావడమే కారణం. మన్నుని ఎండిన మన్నుగా, 224, 164, 88కి లేతపరిస్తే విడిపోయింది.

6. కాంట్రాస్ట్ లెక్క వేయండి

కంటికి బాగుంది అనేది వయసుతో, వెలుతురుతో మారిపోతుంది. లెక్క మారదు. రెండు రంగుల నంబర్లు ఇస్తే కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే ముదురు లేత తేడా ఎంతో అంకెలో చెప్పే ఉచిత సైట్లు చాలా ఉన్నాయి. నలుపు తెలుపు మధ్య 21, ఒకే రంగు మీద అదే రంగు అయితే 1.

వెబ్ పేజీలకి ప్రపంచమంతా వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి, గుర్తులకి కనీసం 3 అడుగుతుంది. నేను సంస్థ పేరుకి 7 దాటాలంటాను. మన లోగో ఎండలో, దుమ్ములో, కదిలే ఆటో వెనక కూడా చదవాలి కదా.

పై ముదురాకుపచ్చ తెలుపు మీద 7.9 వస్తుంది. మబ్బు సముద్రం 9.5. వాన మబ్బు 11. అందరూ అడిగే చిలకపచ్చ, ఉదాహరణకి 124, 179, 66 తీసుకుంటే, తెలుపు మీద 2.5 మాత్రమే. తెల్ల అక్షరాలు చిలకపచ్చ మీద రాసినా అదే 2.5. నచ్చిన రంగుని ఇలా లెక్కతో కొట్టేయాలంటే కష్టంగానే ఉంటుంది. అయినా అది అక్షరాలకి పనికిరాదు. కావాలంటే తోడు రంగుగా, ముదురు రంగు లోపల వాడుకోండి.

పైన ఎర్రమన్నుకీ ముదురాకుపచ్చకీ మధ్య నిష్పత్తి 1.5 దగ్గర. లేతపరిచాక 3.6. జిరాక్స్‌లో చూసిందే ఇక్కడ అంకెలో కనపడుతుంది.

సైటు తెరవడం కుదరకపోతే ఫోన్‌ని గ్రేస్కేల్‌లో, అంటే రంగులు లేకుండా నలుపు తెలుపుల్లో పెట్టి లోగోని చూడండి. రెండు బూడిద రంగులూ విడివిడిగా ఉన్నాయా లేదా అన్నది చాలు.

7. తెర నంబరు, ముద్రణ నంబరు వేరు

ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది. కాగితం మీద సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు కలిసి రంగవుతాయి. మెరిసే చిలకపచ్చలు, నియాన్ నీలాలు ఆ నాలుగు సిరాలతో రావు. తెర మీద మెరిసిందల్లా కాగితం మీద మడ్డిగా రావడానికి కారణం ఇదే, ప్రింటర్ అబ్బాయి తప్పు కాదు.

కాబట్టి ప్రతి రంగుకీ రెండు నంబర్లు రాసుకోండి. పైన చెప్పిన ముదురాకుపచ్చకి సయాన్ 85, మెజెంటా 35, పసుపు 100, నలుపు 30తో మొదలుపెట్టి, ముద్ర చూసి అయిదేసి చొప్పున జరపండి. మిషన్‌ని బట్టి, కాగితాన్ని బట్టి తేడా వస్తుంది. మెరుపు కాగితం మీద ముదురుగా, మామూలు బాండ్ పేపర్ మీద వెలిసినట్టు ఉంటుంది.

చిన్న అక్షరాలు, అంటే చిరునామా, ఫోన్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, నలుపు ఒక్క సిరాతోనే ముద్రించమనండి. నాలుగు సిరాల మిశ్రమంతో ముద్రిస్తే ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు వస్తుంది, ఒత్తులు చదవలేం.

8. ఎండలో పెట్టండి

ఇది తప్పించుకోలేని మెట్టు. మన ఎండకి, తీరంలో ఉప్పుగాలికి ఏ రంగు ఎంత నిలుస్తుందో కంప్యూటర్ చెప్పలేదు.

మామూలు ముద్రణలో ఎండకి ముందు పోయేవి పసుపు, మెజెంటా. నీలం, నలుపు ఎక్కువ కాలం ఉంటాయి. పాత ఫ్లెక్సీలు నీలంగా మిగిలిపోవడం మీరు చూసే ఉంటారు. పచ్చ అంటే సయాన్, పసుపు కలిసిందే కాబట్టి, పసుపు పోగానే మీ ఆకు నీలిరంగు తిరుగుతుంది. నారింజ రంగు పసుపు, మెజెంటాల మీదే ఆధారపడుతుంది కాబట్టి పూర్తిగా మాయమవుతుంది.

చేయాల్సింది ఇదీ:

(అ) ప్రతి జతలో రెండు రంగుల్నీ అరచేయంత ముక్కలుగా ఫ్లెక్సీ మీద, గుడ్డ మీద, పెయింటుతో రేకు మీద వేయించండి.

(ఆ) ప్రతి ముక్కలో సగాన్ని దళసరి అట్టతో గట్టిగా కప్పండి. ప్లాస్టిక్ కాగితం పనికిరాదు, వెలుగు లోపలికి పోతుంది.

(ఇ) మేడ మీద దక్షిణం వైపు ఏటవాలుగా కట్టండి. వెనక తేదీ రాయండి.

(ఈ) ఆరు వారాలు వదిలేయండి. రోహిణి కార్తె కలిసొస్తే ఇంకా మంచిది.

(ఉ) అట్ట తీసి రెండు సగాల్నీ పక్కపక్కన చూడండి. అయిదడుగుల దూరం నుంచి తేడా తెలిస్తే ఆ రంగు, ఆ వస్తువు జత పనికిరాదు.

గోడకి వచ్చేసరికి మంచి మాట ఒకటి ఉంది. కావి ఎరుపు, మట్టి పసుపు, నలుపు లాంటి ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకి, సున్నానికి కూడా బాగా తట్టుకుంటాయి. మెట్ట ప్రాంతం సంస్థలకి ఇవి ఎలాగూ నప్పే రంగులే. గోడ కోసం తోడు రంగుని ఈ కుటుంబం వైపు కొంచెం జరపడానికి వెనకాడొద్దు.

ఫ్లెక్సీ గురించి ఇంకో మాట. అది పీవీసీ ప్లాస్టిక్. ప్లాస్టిక్ వద్దని చెప్పే బ్యానర్‌ని ప్లాస్టిక్ మీద ముద్రించకండి. ముతక గుడ్డ మీద స్క్రీన్ ప్రింట్ వేయిస్తే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. గుడ్డ తెలుపు కాదు, గంధం రంగు అని మాత్రం గుర్తుంచుకోండి. లేత తోడు రంగులు దాని మీద కనపడవు. గోనె సంచి మీద అయితే ఒక్క ముదురు రంగే వేయించండి.

9. ఒప్పించడం

మూడు జతలు మిగిలాక సభ్యులకి చూపించండి. ఉత్త రంగు పెట్టెలు చూపించొద్దు. లెటర్‌హెడ్ మీద, గోడ ఫోటో మీద, డీపీగా పెట్టి చూపించాలి.

"ఏది బాగుంది?" అని అడక్కండి. అలా అడిగితే ప్రతివాళ్లూ తమకు ఇష్టమైన చొక్కా రంగు చెబుతారు. "ఇది చూస్తే మనం ఏం పని చేస్తామనిపిస్తుంది?" అని అడగండి. సంస్థతో సంబంధం లేని ఓ అయిదుగురిని కూడా అడగండి. టీ కొట్టు అన్న, బడి పిల్ల, పంచాయతీ ఆఫీసులో కూర్చునే ఆయన, వల వేసే ఆయన. మీ గ్రూపులో వంద మంది వేసే ఓటు కంటే ఆ అయిదుగురి మాట ఎక్కువ పనికొస్తుంది.

డబ్బిచ్చినాయన "నాకు కలిసొచ్చే రంగు పెట్టండి" అంటే, ఆయనతో వాదించొద్దు. మొదట్లో రాసుకున్న జాబితా కాగితం, జిరాక్స్ కాపీ, ఎండలో పెట్టిన ముక్కలు ఆయన ముందు పెట్టండి. చేత్తో పట్టుకుని చూస్తే ఎక్కువమంది వింటారు.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

డీపీలో లోగో చుట్టూ తెల్ల చతురస్రం. ఫైలు తెల్ల నేపథ్యంతో ఉంది. డీపీకి వేరే ఫైలు చేయించండి: పెద్ద రంగు నిండా పరిచి, మధ్యలో తెల్ల బొమ్మ, పేరు లేకుండా. వాట్సాప్ గుండ్రంగా కోస్తుంది కాబట్టి మూలల్లో ఏమీ ఉంచొద్దు.

వాట్సాప్‌లో పంపితే అంచులు మసకబారాయి. ఫోటోగా పంపారు. డాక్యుమెంటుగా పంపండి.

ఒకరి ఫోన్లో నీలం, ఇంకొకరి ఫోన్లో పచ్చ. నైట్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. కొన్ని ఫోన్ల తెరలు రంగుల్ని ఉన్నదానికంటే ఘాటుగా చూపిస్తాయి. నిర్ణయం ఎప్పుడూ ముద్రించిన కాగితం మీదే.

షేడింగ్ పెట్టిన ఆకు స్టాంపులో నల్ల ముద్ద అయింది. ఒక రంగు నుంచి ఇంకో రంగుకి కరిగిపోయే షేడింగ్ స్టాంపుకి, గోడకి, స్క్రీన్ ప్రింట్‌కి పనికిరాదు. తీసేయండి. సర్దుబాటు లేదు.

ముదురు టీషర్టు మీద రంగు మాడినట్టు వచ్చింది. కింద తెల్ల పూత వేయలేదు. వేయించండి, లేదా ముదురు బట్ట మీద ఎప్పుడూ తెల్ల లోగోనే వాడండి. ఖర్చు తక్కువ, శుభ్రంగా ఉంటుంది.

ఒక్కో ఊళ్లో గోడ మీద ఒక్కో పచ్చ. ఆర్టిస్టు ప్రతిసారీ తెల్ల పెయింటులో స్టెయినర్ (చిక్కటి రంగు ద్రవం) కలిపి రంగు చేసుకుంటున్నాడు. కింది మెట్టు దీని కోసమే.

11. ఖాయం చేసి, చేతికివ్వండి

ట్రేడ్‌మార్కు ఆలోచన ఉంటే, నలుపు తెలుపు బొమ్మనే దరఖాస్తులో పెట్టడం గురించి లాయరుతో మాట్లాడండి. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం రంగుల పరిమితి లేకుండా నమోదైన గుర్తుని అన్ని రంగుల్లోనూ నమోదైనట్టే లెక్కిస్తారు.

డిజైన్ చేసినవాళ్ల దగ్గర తీసుకోవాల్సినవి:

☐ అసలు ఫైలు, కోరల్‌డ్రా అయినా మరేదైనా, తెలుగు అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా మార్చింది (లేకపోతే వేరే కొట్లో తెరవగానే ఫాంటు లేక ఒత్తులు విరిగిపోతాయి)
☐ ముద్రణకి పీడీఎఫ్
☐ నేపథ్యం లేని పీఎన్‌జీ
☐ నాలుగు రూపాలు: రెండు రంగులు, ఒక్క పెద్ద రంగు, నలుపు, తెలుపు
☐ గుండ్రటి డీపీ ఫైలు
☐ ఒక పేజీ కాగితం: రెండు రంగుల ఆర్‌జీబీ, ముద్రణ నంబర్లు, పెయింటు కంపెనీ షేడ్ కార్డు నంబరు, వాడకూడని జోడీలు

ఇవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి సంస్థ బీరువాలో పెట్టండి. ఇంకో కాపీ ఇద్దరి ఈమెయిల్‌లో ఉంచండి. డిజైన్ చేసిన అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతే మీరు పాత ఫ్లెక్సీకి ఫోటో తీసి లోగో కోయాల్సిన పరిస్థితి రాకూడదు.

గోడ రాసే ఆర్టిస్టుకి ఫోన్లో ఫోటో చూపించి రంగు కలపమనకండి. జానెడు రేకు ముక్క తీసుకుని, షేడ్ కార్డు నంబరు ప్రకారం డబ్బా తెప్పించి, దాని మీద రెండు రంగులూ రెండు పూతలు వేయించండి. వెనక నంబర్లు, డబ్బా పేరు పెయింటుతోనే రాయించండి. అలాంటివి మూడు చేయించి, ఒకటి ఆర్టిస్టుకి ఇవ్వండి, ఒకటి బీరువాలో, ఒకటి ఊళ్లు తిరిగే మనిషి సంచిలో. కొత్త గోడ మీద మొదటి గీత ఆరాక, రేకు ముక్కని దాని మీద ఆనించి చూసి, అప్పుడు మిగతా గోడ రాయమనండి.